కలకత్తా గోల్ఫ్ మైదానం, మన పల్లపు నేల

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో గోల్ఫ్ మీద ఒక పూర్తి పేజీ వేశారు. క్రికెట్ కాకుండా వేరే ఆటకి తెలుగు పత్రికలో అంత చోటు ఇచ్చారని సంతోషంగా చదవడం మొదలుపెట్టాను. కానీ అందులో రెండు మాటలు నన్ను ఊరుకోనివ్వలేదు. ఈ ఆట మన దేశంలోకి ఐటీ కంపెనీలతో పాటు ఓ ముప్ఫై ఏళ్ళ కిందట వచ్చిందని రాశారు. ఇంకోచోట, గోల్ఫ్ మైదానానికి కొండలూ గుట్టలూ ఉన్న నేల కావాలనీ, గోదావరి జిల్లాల్లాంటి పల్లపు, నీళ్ళు నిలిచే నేల అందుకు పనికిరాదనీ రాశారు. రెండూ తప్పేనండి. మొదటిదాంట్లో నూట అరవై ఏళ్ళ పైచిలుకు తేడా ఉంది. రెండోది ఇంకా పెద్ద తప్పు, ఎందుకంటే మన దేశంలో అన్నిటికన్నా పాత గోల్ఫ్ క్లబ్బు ఇవాళ ఆడుతున్న నేల అచ్చం మన భీమవరం, ఆకివీడు పక్క నేలలాంటిదే. నాకు తెలిసింది రాస్తున్నాను. ఉత్తరం పొడుగైంది, చోటు చాలక కత్తిరించినా సంవత్సరాలు మాత్రం ఉంచండి.

మాది భీమవరానికి దగ్గర్లో ఒక పల్లెటూరు. రైల్వేలో గుమాస్తాగా పనిచేసి రిటైర్ అయ్యాను. అప్పట్లో వాల్తేరు డివిజన్ సౌత్ ఈస్టర్న్ రైల్వేలో ఉండేది, 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వే వచ్చాక అటు మారింది. అందుకని మనవాళ్ళు చాలామంది ఖరగ్‌పూర్‌కీ, కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఉన్న హెడ్డాఫీసుకీ బదిలీ మీద వెళ్ళేవారు. నేనూ అలాగే వెళ్ళి పంతొమ్మిదేళ్ళు ఉండిపోయాను. టాలీగంజ్ వైపు అద్దెకి ఉండేవాళ్ళం. మా పక్క వాటాలో ఒక పెద్దాయన ఉండేవాడు, రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బులో మాలీ. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు, పిల్లల్ని అడగకుండా రాయడం బాగోదు. మా ఆవిడా నేనూ దాదా అని పిలిచేవాళ్ళం. మా ఇంట్లో పెసరట్లు వేసిన రోజు ఆయనకి రెండు వెళ్ళేవి, వాళ్ళింట్లో చేపల పులుసు పెట్టిన రోజు మాకు గిన్నె వచ్చేది. ఆయనతో పాటు తెల్లారుజామున చాలాసార్లు ఆ మైదానం గట్ల మీద నడిచాను. నేను కర్ర పట్టి బంతి కొట్టింది లేదు. ఆ నేలని మాత్రం బాగా ఎరుగుదును.

ఆ క్లబ్బు పెట్టింది 1829లో. ఆ సంవత్సరం డిసెంబరులోనే గవర్నర్ జనరల్ బెంటింక్ సతీసహగమనాన్ని నిషేధించాడు. మన వైపు నందన కరువు (1832-33) ఇంకా రాలేదు. ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట పని మొదలుపెట్టడానికి (1847) ఇంకా పద్దెనిమిదేళ్ళు ఉంది, అంటే మన డెల్టాకి కాలవ నీళ్ళే లేని రోజులు. బ్రిటిష్ దీవులు వదిలేస్తే, ఇప్పటికీ నడుస్తున్న గోల్ఫ్ క్లబ్బుల్లో ప్రపంచం మొత్తం మీద ఇదే పాతది. ఫ్రాన్స్‌లో పావ్ ఊళ్ళో క్లబ్బు 1856లో వచ్చింది, కెనడాలో మాంట్రియల్‌లో 1873లో, అమెరికాలో న్యూయార్క్ దగ్గర యాంకర్స్‌లో 1888లో. ఆ యాంకర్స్ క్లబ్బు పుట్టేనాటికి కలకత్తా క్లబ్బుకి దాదాపు అరవై ఏళ్ళు నిండాయి. మన స్కూలు పిల్లల్లో ఈ మాట ఎంతమందికి తెలుసు చెప్పండి?

మొదట ఆడింది టాలీగంజ్‌లో కాదు, దమ్‌దమ్‌లో. ఇప్పుడు విమానాశ్రయం ఉన్న వైపు. బెంగాల్ ఫిరంగి దళం ప్రధాన స్థావరం అప్పట్లో అక్కడే ఉండేది. స్కాట్లండ్ నుంచి వచ్చిన సైనికాధికారులూ వర్తకులూ ఊరి ఆటని వెంట తెచ్చుకున్నారు. మనవాళ్ళు ఖరగ్‌పూర్ వెళ్ళి సంక్రాంతికి ముగ్గులు వేసి, కోడిపందేల ఊసు చెప్పుకున్నట్టే వాళ్ళూ చేశారు. ఆ స్కాట్లండ్ నుంచే వచ్చిన మిషనరీ మెక్రే దంపతులు 1844 ప్రాంతంలో మన నరసాపురం ఆడవాళ్ళకి లేసు అల్లిక నేర్పారని చెబుతారు. ఆ అల్లిక మన ఇళ్ళల్లో ఇంకా బతికే ఉంది, ఆ ఆట కలకత్తాలో బతికే ఉంది.

అప్పటి బంతి గురించి కూడా చెప్పాలి. 1829లో రబ్బరు బంతి లేదు. తోలు సంచీని చిన్నగా కుట్టి, ఉడకబెట్టిన బాతు జాతి పక్షి ఈకలు గట్టిగా కూరి, మూతి కుట్టేవారు. ఒక మనిషి రోజంతా కూర్చుని చేస్తే నాలుగైదు బంతులు కూడా అయ్యేవి కావట. తడిస్తే బరువెక్కి, కుట్లు ఊడిపోయి పగిలిపోయేది. అలాంటి బంతితో, మంచుకీ చెమ్మకీ పేరుపడ్డ బెంగాల్ నేల మీద ఆడారంటే వాళ్ళ పట్టుదలకి దండం పెట్టాలి. 1848లో మలయా వైపు చెట్టు పాలతో చేసే గట్టి బంతి వచ్చాకగానీ ఆ బాధ తీరలేదు. దాన్నే గట్టాపెర్చా అంటారు.

దమ్‌దమ్ నుంచి ఆట ఊరి నడుమ మైదాన్‌కి వచ్చింది. మైదాన్ సైన్యం చేతిలోని భూమి, ఫోర్ట్ విలియం కోట చుట్టూ ఫిరంగి గుళ్ళకి అడ్డం లేకుండా ఖాళీగా ఉంచింది. అక్కడ గోడ కట్టుకోవడానికి లేదు, కంచె వేసుకోవడానికి లేదు. మేకలు మేస్తుంటాయి, పిల్లలు ఫుట్‌బాల్ ఆడుకుంటుంటారు, వాటి మధ్యలోనే గోల్ఫ్. ఆడవాళ్ళకి విడిగా ఒక గోల్ఫ్ క్లబ్బు కూడా ఆ మైదాన్‌లోనే ఉంది, నేను ఉన్న రోజుల్లో చూశాను. ఊపిరి పీల్చుకోవడానికి అంత ఖాళీ నేలని కలకత్తా ఇప్పటిదాకా కాపాడుకుంది, దానికి ఆ ఊరిని ఎంత మెచ్చుకున్నా తక్కువే.

1911 చివర్లో అయిదో జార్జి చక్రవర్తి ఢిల్లీ దర్బారుకి వచ్చి, రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నామని చెప్పి, ఆ తర్వాత కలకత్తా వచ్చాడు. క్లబ్బు పేరుకి ముందు రాయల్ అన్న మాట చేరింది ఆ సందర్భంలోనే. టాలీగంజ్ భూమి మీదకి మారింది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే, 1910 ప్రాంతంలో. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. పక్కనే టాలీగంజ్ క్లబ్ అని ఇంకోటి ఉంది, అది 1895లో మొదలైంది, అందులోనూ గోల్ఫ్ ఆడతారు, రెండూ ఒకటి కావు. ఇంకో పొరపాటు, కలకత్తా కప్ అనగానే గోల్ఫ్ అనుకోవడం. ఇంగ్లండూ స్కాట్లండూ 1879 నుంచి ఆడుతున్న ఆ కప్పు రగ్బీది, కలకత్తాలో మూతపడ్డ ఒక రగ్బీ క్లబ్బువాళ్ళు బ్యాంకులో ఉన్న వెండి రూపాయలు తీయించి, కరిగించి చేయించింది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ నేల.

టాలీగంజ్ అన్న పేరే ఒక కాలవ మనిషి పేరు. విలియం టాలీ అనే ఆయన 1770ల్లో పూడిపోయిన పాత గంగ పాయని తవ్వించి పడవలు నడిచే కాలవ చేశాడు. దాన్ని ఇప్పటికీ టాలీ నాలా అంటారు. కాటన్ దొర కంటే డెబ్భై ఏళ్ళు ముందు. చుట్టూ అంతా గంగ తెచ్చి పోసిన ఒండ్రు. సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో బల్లపరుపుగా ఉంటుంది, వాలు లేదు, కొండ లేదు, రాయి కూడా దొరకదు. గునపం దింపితే చేతి లోతులో చెమ్మ తగులుతుంది. ఏడాదికి సుమారు 1600 మిల్లీమీటర్ల వాన, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. మన డెల్టాలో పడేదానికంటే ఎక్కువ. చెప్పండి, మీ వ్యాసం లెక్కన అక్కడ గోల్ఫ్ మైదానం కుదరకూడదు కదా!

మరి వాళ్ళేం చేశారు? చెరువులు తవ్వారు. ఆ మట్టి ఎత్తి పక్కన పోసి, బంతి మొదట కొట్టే చోటునీ, చివర గుంట ఉండే పచ్చటి బల్లనీ మెరక చేశారు. ఒకటీ రెండూ కాదు, మైదానం పొడుగునా చెరువులే. క్లబ్బులో వాటిని ట్యాంకులు అంటారు, నీళ్ళ ట్యాంకు అనుకోకండి, చెరువు అనే అర్థం. మన కోనసీమ కొబ్బరితోటల్లో బోదెలు తవ్వి, ఆ మట్టిని వరస మీద వేసి, ఆ మెరక మీద చెట్టు పెట్టడం లేదూ? అదే పని. పాతకాలంలో మన ఊళ్ళల్లో ఇల్లు కట్టుకోబోతే దొడ్లో ఒక మూల గొయ్యి తవ్వి ఆ మట్టితోనే పునాది మెరక చేసుకునేవారు, గొయ్యి వానాకాలం నీళ్ళు పట్టుకునేది, గట్టు మీద అరటి మొక్కలు పెరిగేవి. మొదటిసారి ఆ మైదానం గట్టు మీద నిలబడ్డప్పుడు నాకు మా తాతగారి దొడ్డి గుర్తొచ్చింది.

ఆ చెరువులు మూడు పనులు చేస్తాయి. వాన పడ్డప్పుడు పచ్చిక మీద నీరు నిలవకుండా లాక్కుంటాయి. ఎండాకాలం గడ్డి తడపడానికి నీరు ఇస్తాయి. ఆడేవాడికి అడ్డం పడతాయి. ఈ మూడోదే ఆ మైదానానికి పేరు తెచ్చింది. నేల చదునుగా ఉండటంతో దూరం నుంచి చూస్తే చెరువు కనపడదు, అంతా ఒకే పచ్చదనం. కొట్టాక గానీ తెలియదు బంతి గట్టు దాటి నీళ్ళలో పడిందని. కొండలున్న చోట ఎక్కడ ప్రమాదం ఉందో కళ్ళకి తెలుస్తుంది. ఇక్కడ నేలని చదవడం రావాలి. దాదా అనేవాడు, కొత్తగా వచ్చిన ఆటగాళ్ళు మొదటి రోజు బెదిరిపోయేది పొడుగు చూసి కాదు, చదును చూసి అని. పొడుగూ తక్కువేం కాదు, 18 గుంటలకీ కలిపి 7 వేల గజాలు పైనే, అంటే ఆరు కిలోమీటర్లు దాటుతుంది. చెయ్యి తిరిగినవాడు 72 దెబ్బల్లో పూర్తి చేయాలని లెక్క. గుంట వెడల్పు 4.25 అంగుళాలు, ఒక కొబ్బరిచిప్ప పట్టేంత. ఆరు కిలోమీటర్లు కొట్టుకుంటూ వచ్చి, 18 సార్లు ఆ చిప్పలో వేయాలి. గోలీలాటలో గుంట కొట్టినవాడికి ఆ కష్టం ఎలాంటిదో చెప్పక్కర్లేదు.

గడ్డి గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం రాసి కూడా దండగ. అక్కడ పెరిగేది దూబ్. ఆ మాట విని చాలారోజులు నేను అదేదో ప్రత్యేకమైన విత్తనం అనుకున్నాను. ఒక వినాయక చవితికి మా ఆవిడ పత్రి కోసం అవస్థ పడుతుంటే, దాదా గుప్పెడు గడ్డి తెచ్చి గుమ్మంలో పెట్టి దూబ్ అన్నాడు. చూస్తే గరిక! మన పొలం గట్టు మీద గరిక, వినాయకుడికి ఇరవై ఒక్క పత్రుల్లో దూర్వాయుగ్మం అని వేసే గరిక. ఇంగ్లీషులో బెర్ముడా గ్రాస్ అంటారు. వేడి దేశాల్లో గోల్ఫ్ మైదానాలు ఎక్కువ భాగం ఈ గరిక జాతి మీదే నడుస్తున్నాయి, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో కూడా దీని సంకర రకాలే వేస్తారు. ఎంత తొక్కినా లేస్తుంది, ఎండకి చావదు, కణుపు కణుపుకీ వేరు దింపుకుంటూ పాకుతుంది. మన రైతు పీకలేక తిట్టుకునే మొక్కని వాళ్ళు కన్నబిడ్డలా సాకుతారు. కలకత్తా దూబ్‌లో బంతి పైన తేలినట్టు నిలబడదు, కాస్త లోపలికి దిగి కూర్చుంటుంది, అందుకని దెబ్బ పైనుంచి శుభ్రంగా పడాలి, లేకపోతే బంతి పావలా దూరం కూడా పోదు.

చలికాలంలో తెల్లారి అయిదింటికి మాలీలు పొడుగాటి వెదురు బద్దలు పట్టుకుని పచ్చిక మీద అటూ ఇటూ ఊపుతూ మంచు దులుపుతారు. పొగమంచులో ఆ బద్దలు ఒక్క లయలో కదులుతుంటే చూడాలి. మంచు ఆకు మీద నిలిస్తే గడ్డికి తెగులు వస్తుంది, బంతి కూడా సరిగ్గా దొర్లదు. తర్వాత కోత. గుంట ఉండే చోట గడ్డి నాలుగైదు మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉండాలి, దాన్ని రోజూ కోయాలి. ఆ తర్వాత గుంటని కూడా ఒక గొట్టం లాంటి పనిముట్టుతో తవ్వి వేరే చోటికి మారుస్తారు, ఒకే చోట జనం తొక్కకుండా. పాత గుంటలో ఆ మట్టి ముద్దని గడ్డితో సహా దింపేస్తే రెండు రోజుల్లో అతుకు కూడా కనపడదు. దాదా అరచేతిని గడ్డి మీద ఆనించి ఇవాళ నీరు కావాలో వద్దో చెప్పేవాడు. వరి చేలో మా నాన్న చేసేదీ అదే.

ఆట చరిత్రకి వస్తే, మన దేశపు అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్, అంటే డబ్బు తీసుకోకుండా ఆడేవాళ్ళ పోటీ, 1892లో ఈ క్లబ్బులోనే మొదలైంది. బ్రిటన్‌లో అలాంటి పోటీ 1885లో మొదలైతే అమెరికాలో 1895లో. అంటే అమెరికా కంటే మూడేళ్ళు ముందున్నాం. కానీ చాలా ఏళ్ళు అందులో మనవాళ్ళ పాత్ర సంచులు మోయడమే. ఈ సంగతి దాచకూడదు. చుట్టుపక్కల బస్తీల పిల్లలు క్యాడీలుగా వెళ్ళేవారు. ముందు పరిగెత్తి బంతి ఎక్కడ పడిందో చూసే కుర్రాడిని ఆగేవాలా అనేవారు. కాకులూ గద్దలూ తెల్లటి బంతిని గుడ్డు అనుకుని ఎత్తుకుపోతాయని వాటిని తోలడం కూడా వాడి పనే. చెరువులో పడ్డ బంతుల కోసం మునిగేవాళ్ళు వేరే ఉండేవారు. ఆట వాళ్ళ కళ్ళ ముందే జరిగేది, కర్ర మాత్రం వాళ్ళ చేతికి రాలేదు.

అది మారింది. 1964లో ప్రొఫెషనల్, అమెచ్యూర్ ఆటగాళ్ళు కలిసి ఆడే ఇండియన్ ఓపెన్ పోటీ మొదలైంది, మొదటిసారి ఢిల్లీలో ఆస్ట్రేలియా ఆటగాడు పీటర్ థామ్సన్ గెలిచాడు. మరుసటి ఏడాది, 1965లో, రాయల్ కలకత్తా మైదానంలో బిల్లూ సేఠీ గెలిచాడు. ఆయన డబ్బు తీసుకుని ఆడే ఆటగాడు కాదు, అమెచ్యూర్. విదేశీ ప్రొఫెషనల్ ఆటగాళ్ళని మన గడ్డ మీద, మన గరిక మీద ఓడించాడు. ఆ తర్వాత మళ్ళీ ఒక భారతీయుడు ఆ కప్పు ఎత్తడానికి 1991 దాకా పట్టింది. అప్పుడు గెలిచిన అలీ షేర్ ఢిల్లీలో క్యాడీగా మొదలైనవాడు.

అందరికన్నా నాకు ఇష్టమైనవాడు శివశంకర్ ప్రసాద్ చౌరాసియా. రాయల్ కలకత్తాలో పచ్చిక చూసే మాలీ కొడుకు. పదేళ్ళ వయసులో ఆ మైదానంలోనే కర్ర పట్టాడు, కోచ్ అంటూ ఎవరూ లేరు, చూసి నేర్చుకున్నాడు. పెద్ద దెబ్బ కొట్టే ఒళ్ళు కాదు, చిన్న మనిషి. గుంట దగ్గరి ఆటలో మాత్రం ఆయనకి సాటి లేరు, తోటి ఆటగాళ్ళు చిప్పుట్‌సియా అని ముద్దుపేరు పెట్టేంత (చిప్, పుట్ అంటే గుంట దగ్గర కొట్టే చిన్న దెబ్బలు). 2008లో ఢిల్లీలో ఇండియన్ మాస్టర్స్ గెలిచి, యూరోపియన్ టూర్ అనే పెద్ద ప్రొఫెషనల్ పోటీల వరసలో జెండా ఎగరేశాడు. 2011లో అవంతా మాస్టర్స్, 2016, 2017 రెండేళ్ళూ వరసగా ఇండియన్ ఓపెన్. 2016లో రియో ఒలింపిక్స్‌కి వెళ్ళాడు. అర్జున అవార్డు వచ్చింది. 2008లో ఆయన గెలిచిన రోజు దాదా ఏడ్చాడండి. మాలీ ఇంటి బిడ్డ అని నాలుగుసార్లు అన్నాడు. మీ పేజీలో గోల్ఫ్ అంటే డబ్బున్నవాళ్ళ ఆట అని ఒక శీర్షిక ఉంది. అది నిజమే, క్లబ్బుల సభ్యత్వం మనలాంటివాళ్ళకి అందేది కాదు. అయితే ఆ ఆటని నిలబెట్టిన చేతులు ఎవరివో కూడా ఆ శీర్షిక కింద రెండు వాక్యాలు రాయాల్సింది.

మిగతా పాత మైదానాల గురించి ఎక్కువ రాయను. బెంగళూరు క్లబ్బు 1876 నాటిది. షిల్లాంగ్‌ది 1898, పైన్ చెట్ల లోయలో ఉంటుంది, అందం విషయంలో దానికి పోటీ లేదంటారు. మద్రాసులో గిండీ గుర్రప్పందేల మైదానం లోపలే గోల్ఫ్ ఆడేవారు. మన తెలుగు రాష్ట్రాల్లో చూడాలంటే విశాఖలో ముడసర్లోవ దగ్గర ఒకటి ఉంది, హైదరాబాదులో గోల్కొండ నయాఖిలా గోడల మధ్య ఒకటి. ఇవి చాలావరకు ఎత్తుపల్లాలున్న నేలలు. పల్లంలో, బురదలో, మనుషులు తట్టలతో మట్టి మోసి తయారుచేసింది మాత్రం కలకత్తాది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో చెబుతాను. గోదావరి జిల్లాల్లో గోల్ఫ్ మైదానం పెట్టమని అడగడానికి కాదు. మూడు పంటలు పండిన నేలని ఆట కోసం తీసుకోమంటే నేనే అడ్డం పడతాను. నా బాధ వేరు. మీ వ్యాసంలో పల్లపు నేల పనికిరాదు అన్న ఆ ఒక్క మాట మా ఊళ్ళో నేను రోజూ వింటున్న మాట. పల్లం కాబట్టి పూడ్చాలి, చెరువు కాబట్టి కప్పెట్టాలి. రిటైర్ అయి ఊరికి తిరిగొచ్చాక చూస్తే, ఎవరికి వాళ్ళు ఎక్కడినుంచో టిప్పర్లతో మట్టి తోలించుకుని తమ స్థలం మెరక చేసుకుంటున్నారు. ఒకాయన రెండడుగులు లేపితే పక్కాయన మూడడుగులు లేపుతాడు. లేపుకోలేని ఇల్లు మధ్యలో గొయ్యి అయిపోతుంది. వానకి నీళ్ళన్నీ ఆ ఇంట్లోకే. వాళ్ళు చేసిన పాపం ఏముంది? పోయినేడు వానలకి మా వీధిలో ఒక ముసలావిడ మంచం కింద మూడు రోజులు నీళ్ళు ఉన్నాయి. చిన్నప్పుడు ఎంత వాన పడ్డా ఆ ఇంట్లోకి నీరు రావడం నేను చూడలేదు.

మా ఊరి పాత చెరువు సగం పూడ్చేశారు. దాని పక్కనున్న బడి ఆటస్థలాన్ని కూడా మెరక చేయాలని బయటి మట్టి పోయించారు, నీరు పోయే దారి మాత్రం వదల్లేదు. ఇప్పుడు పిల్లలు జూన్ నుంచి నవంబరు దాకా అందులో అడుగు పెట్టలేరు. నేను వెళ్ళి పెద్దలకి చెప్పాను, స్థలంలోనే ఒక మూల చెరువు లోతు చేసి ఆ మట్టే మైదానం మీద వేద్దాం, పైన గరిక నాటుదాం, వంద ఏళ్ళ కిందట కలకత్తాలో చేసిన పనే ఇది, చూసొచ్చినవాడిని చెబుతున్నాను అని. విన్నారు. ఇద్దరు కుర్రాళ్ళు ఆసక్తిగా ప్రశ్నలు కూడా అడిగారు. మిగతావాళ్ళు చెరువు ఉంటే దోమలు వస్తాయండీ, చోటు వేస్టు అవుతుందండీ అన్నారు. దోమలు చెరువుకంటే ఆ మురుగు నిలిచిన వీధిలోనే ఎక్కువ ఉన్నాయి. చెరువులో చేపలు పెంచితే దోమపిల్లల్ని అవే తింటాయి. చేపల చెరువుల్లో పుట్టి పెరిగిన మనకి ఈ సంగతి ఎవరో చెప్పాలా?

నేను అడిగేది ఇంతే. వచ్చే ఆదివారం ఆ రెండు తప్పులూ సరిచేసి వేయండి. 1829 అని స్పష్టంగా రాయండి. పల్లపు నేల మీద కూడా చెరువు తవ్వి, మట్టి ఎత్తి, గరిక పెంచి, ప్రపంచం వచ్చి ఆడే మైదానం చేశారని రాయండి. వీలైతే మీ జిల్లా పేజీలో మన ఊళ్ళ బడి మైదానాల మీద, పూడుకుపోతున్న చెరువుల మీద ఒక వారం వరసగా రాయించండి. విలేకరిని పంపితే ఊరంతా నేనే తిప్పి చూపిస్తాను.

కలకత్తా నుంచి వచ్చేసే ముందు రోజు దాదాతో కూర్చుని ఆ మైదానం పటం ఒకటి తెల్లకాగితం మీద గీసుకున్నాను. గీతలు నావి, చెరువులకి నీలం పెన్సిలు ఆయన పూశాడు. అది జాగ్రత్తగా ఉంచాను. మీకు పనికొస్తుందంటే జిరాక్సు తీయించి పంపుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రైల్వే గుమాస్తా,
భీమవరం దగ్గర, పశ్చిమ గోదావరి జిల్లా